సాయం అందింది.. సొంతూరు దక్కలేదు: సునామీ తర్వాతి నికోబార్ చెబుతున్న పాఠం

డిగ్నాబాద్ (అండమాన్-నికోబార్): గ్రేట్ నికోబార్ ద్వీపంలో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం నిర్మించే ప్రాజెక్టుపై వాదోపవాదాలు సాగుతున్న వేళ, రెండు దశాబ్దాల నాటి ప్రశ్న ఒకటి మళ్లీ ముందుకు వచ్చింది. 2004 సునామీలో ఊళ్లు కోల్పోయిన నికోబారీలకు దేశం చేసిన సాయం పూర్తయినట్టేనా?

2004 డిసెంబరు 26నాటి భూకంపం, సునామీ ఈ దీవుల్లో 3,500 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి లేదా గల్లంతు చేశాయి. దేశపు దక్షిణ కొస ఇందిరా పాయింట్ వద్ద నేల 4 మీటర్లకు పైగా కుంగిపోయింది. కొబ్బరి తోటలు, పడవలు, పందుల పెంపకంపై ఆధారపడిన నికోబారీల జీవనాధారం ఒక్క ఉదయంలో తుడిచిపెట్టుకుపోయింది.

సాయానికి కొరత రాలేదు. నాడు పోర్ట్ బ్లెయిర్‌గా, 2024 నుంచి శ్రీ విజయ పురంగా పిలుస్తున్న రాజధానిలోనిదే డిగ్నాబాద్. ఈ నగరం నుంచే సహాయ నౌకలు దక్షిణ దీవులకు బయలుదేరాయి. యాక్షన్‌ఎయిడ్, ఆక్స్‌ఫామ్ వంటి స్వచ్ఛంద సంస్థలూ రంగంలోకి దిగాయి. అయితే 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధనల ప్రకారం గిరిజన ప్రాంతాల్లోకి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. బయటివారి రాకకు ఆ నిబంధన ఒక కట్టుబాటు. గిరిజనులకు అదే రక్షణ.

లోపం సాయం పరిమాణంలో కాదు, స్వభావంలో కనిపించింది. పనిముట్లు ఇస్తే తమ ఇళ్లు తామే కట్టుకుంటామని నికోబారీలు కోరారు. వారికి దక్కినవి మొదట రేకుల షెడ్లు. ఉక్కపోత వాతావరణంలో అవి నివాసయోగ్యం కాలేదు. తరువాత ప్రభుత్వం దీవుల్లో సుమారు 9,800 శాశ్వత ఇళ్లు తలపెట్టింది. వాటికి సామగ్రి ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావలసి వచ్చింది. నికోబారీ సమాజానికి మూలస్తంభం ‘తుహేట్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ. పరిహారం మాత్రం విడివిడి కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో పడింది. పంచుకుని బతికే సమాజంలోకి డబ్బు వ్యక్తిగత ఆస్తిగా ప్రవేశించింది.

అడవిలో సంచరించే తెగల అనుభవం ఇందుకు భిన్నం. లిటిల్ అండమాన్‌లోని ఒంగేలు సముద్రం వెనక్కి తగ్గగానే ఎత్తయిన నేలకు చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. సునామీ తర్వాత తమ దీవిపైకి వచ్చిన కోస్ట్ గార్డ్ హెలికాప్టర్‌పైకి సెంటినలీస్ తెగకు చెందిన ఒకరు బాణం ఎక్కుపెట్టారు. బయటివారి సాన్నిహిత్యం ఎంత ప్రమాదమో 1999లో జారవాలకు సోకిన తట్టు చాటింది. ఇలాంటి తెగలకు కొన్నిసార్లు దూరంగా ఉండటమే మేలైన సాయం. వారి అడవిని కాపాడటం, వ్యాధులు చేరకుండా చూడటం అందులో భాగం.

ఈ అనుభవాలు స్వచ్ఛంద సంస్థల ముందుంచే ప్రమాణం స్పష్టమే. ఎన్ని టన్నుల సామగ్రి చేరిందన్నది కాక, ఏం కావాలో ముందుగా ఎవరిని అడిగారన్నది కీలకం. గిరిజన మండళ్లు కేవలం పంపిణీ కేంద్రాలు కావు, నిర్ణయాల్లో భాగస్వాములు.

గ్రేట్ నికోబార్‌లో ఆ పరీక్ష ఇంకా ముగియలేదు. తీర గ్రామాలను వదిలిన నికోబారీ కుటుంబాలు క్యాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్ కాలనీల్లో ఉంటూ, పూర్వపు ఊళ్లకు తిరిగి వెళ్తామని కోరుతున్నాయి. ఆమోదం నాటికి రూ.72 వేల కోట్లుగా అంచనా వేసిన ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అదే నెలలో గిరిజన మండలి తానిచ్చిన నిరభ్యంతర పత్రాన్ని ఉపసంహరించుకుంది. ఇదే దీవి అడవుల్లో సంచరించే షోంపెన్‌ల సంఖ్య 2011 జనగణనలో 229 మాత్రమే.

శిబిరాలు మూతపడినప్పుడు సహాయం ముగిసినట్టు లెక్కలు చెప్పవచ్చు. నికోబారీల లెక్కలో అది ముగిసేది, వారు తమ కొబ్బరి తోటలకు తిరిగి చేరిన రోజునే.