మీటలు నొక్కుట విద్య యగునా?

విద్య రెండు తెరగులు. మనుష్యుని పనిముట్టునకు యజమానిని జేయునది యొకటి. పనిముట్టునకు బంటును జేయునది మరియొకటి. మన కళాశాలలలో 'కంప్యూటరు పరిచయ'మను పేర నడచుచున్న బోధన యీ రెంటిలో నే తెరగునకు జెందినదో విచారింపవలసిన కాలము వచ్చినది.

చరిత్ర చదువువానికిని, వాణిజ్యము చదువువానికిని, వృక్షశాస్త్రము చదువువానికిని ఈ పాఠ ముండుట యుచితమే. భూమి దస్తావేజు మొదలు ఆసుపత్రి చీటి వరకు నీ యంత్రము చొరని తావు లేదు. కావున పాఠ ముండవలెనా యుండరాదా యను వివాదము మాకు లేదు. అందు బోధింపబడుచున్న దేమి? ఇదియే మా ప్రశ్న.

రెండు తెలుగు రాష్ట్రముల డిగ్రీ కళాశాలలలో సామాన్యముగా నీ పాఠము నడచు తీరు పాఠకు లెరుంగనిది కాదు. మొదట కంప్యూటరు తరముల పేళ్లు వల్లించుట, పిమ్మట సి.పి.యు., ర్యామ్, రోమ్ అను పొడి యక్షరములకు విస్తరణలు వ్రాయుట. ఆ వెనుక మైక్రోసాఫ్టు కంపెనీవారి వర్డు, ఎక్సెలు, పవర్‌పాయింటులలో నే మెనూ క్రింద నే మీట యున్నదో రికార్డు పుస్తకమున కెక్కించుట. తుదకు ఆ మెట్లనే పరీక్షలో కాగితముపై నొప్పగించుట. ఈత విధానమును పుస్తకమున జదివి, ఒడ్డుననే నిలిచి పట్టా పుచ్చుకొన్నవానిని ఏటిలో దింపిన నేమగునో, ఈ విద్యార్థిని ఉద్యోగమున దింపిన నదియే యగును.

మీటను కంఠస్థము చేసినవాని విద్య మీటతోడనే గతించును. ఆ కంపెనీవారే తమ 2007 నాటి కూర్పులో పాత మెనూలను దీసివైచి, పైభాగమున 'రిబ్బన్' అను పట్టీని నెలకొల్పిరి. అంతవరకు వల్లించిన మెట్లు అనేకము వ్యర్థములాయెను. మూలసూత్ర మెరిగినవానికి మాత్రము నష్టము లేదు. అధ్యాయముల పేళ్లకు శీర్షికలని గుర్తు పెట్టినచో విషయసూచికను యంత్రమే కూర్చునని తెలిసినవాడు, ఆ మీట యెచ్చట దాగియున్నను వెదకి పట్టుకొనును. ఇప్పుడు కృత్రిమమేధ యను నూతన సాధనము నోటిమాట నందుకొని పట్టికలు గీయుచున్నది. మీట నొక్కుట మాత్రమే యెరిగినవాని కిక మిగులు పని యేది? ఆ సాధన మిచ్చిన లెక్క సరియో తప్పో తేల్చువాడే యిక గావలయును.

అజ్ఞానమునకు జెల్లింపవలసిన మూల్యము చిన్నది గాదు. 2020 సెప్టెంబరు తుదిలోను అక్టోబరు మొదటను ఇంగ్లండులో 15,841 కరోనా కేసులు సకాలమున లెక్కకు రాకపోయినవి. కారణ మేమి? పాత తరహా ఎక్సెలు ఫైలు 65,536 వరుసలకు మించి పట్టదు, పైబడినవి రాలిపోయినవి. ఆ రోగుల చెంత మెలగినవారిని హెచ్చరించుటయు నంతమేర నాలస్యమాయెను. ఆ ఫైళ్లతో పనిచేసినవారు మీట లెరుంగనివారు కారు. ప్రతి పాత్రకును కొలత గలదని, పోసినదెల్ల నిలిచినదా లేదా యని సరిచూచుకొనవలెనని తలచినవారు మాత్రమచ్చట లేకపోయిరి. ఈ సరిచూచు బుద్ధిని గరపని పాఠము పాఠమే గాదు.

న్యాయవాదవృత్తి యందున్న మాకు మరియొక కొరత నిత్యము గోచరించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ననుసరించి, యంత్రమునుండి తీసిన దాఖలాను కోర్టులో బెట్టువారు ధ్రువపత్రము నీయవలయును. అందు 'హ్యాష్' విలువ చూపవలసియున్నది. ఫైలులో నొక్క యక్షరము మారినను తానును మారిపోవు వ్రేలిముద్ర వంటి సంఖ్య యది. కంప్యూటరు పాఠమున నుత్తీర్ణులైన పట్టభద్రులలో నీ మాట విన్నవా రెందరు? తన ఫోనులోని చిత్రమే తనకు సాక్ష్యమగునని తెలిసియు, దానిని చెడకుండ గాపాడుకొను తెరు వెరుంగని విద్యావంతుడు కోర్టు మెట్లపై నిరక్షరాస్యునితో సమానుడే గదా!

ఇక నెవరి సరకునకై యీ బోధన? వడ్రంగము నేర్పువాడు ఉలి పట్టు విధమును నేర్పును గాని, ఫలాని యంగడి ఉలినే కొనుమని నేర్పడు. మన పాఠ్యప్రణాళికలు ప్రజల ధనముతో నొక విదేశ కంపెనీకి గిరాకీదార్లను దయారు చేయుచున్నవి. 1991లో బుట్టిన లినక్సు గలదు; 2010లో నారంభమైన లిబ్రెఆఫీసు గలదు. ఇవి వెల లేనివి. లోపలి నిర్మాణమును విప్పి చూచుకొనుటకు, మార్చుకొనుటకు నెల్లరకు హక్కు గలిగినవి. కేరళ రాష్ట్రము 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను కార్యక్రమమును నెలకొల్పి, క్రమముగా తన ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్టువేరునకు మరల్చుకొన్నది. అచ్చటి పాఠశాల బాలురకు సాధ్యమైనది మన కళాశాల యువకులకు అసాధ్యమా?

భాష విషయమున మన యుపేక్ష మరింత శోచనీయము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగులిపికి స్థానము లభించినది. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు అమరిక నేటి యంత్రములలో ముందే యుండును. అయినను మూడేండ్లు చదివిన పట్టభద్రుడు తెలుగున నొక యర్జీ కూర్చుకొనలేక డి.టి.పి. దుకాణమున కేగుచున్నాడు. అచ్చట పాత ఫాంటులలో గొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని యంత్రమున నర్థములేని గుర్తుల కుప్పగా మారును, వెదకిన దొరకదు. తల్లిభాషను వ్రాయలేని యంత్రవిద్య మనకు విద్య యెట్లగును?

'ఈ శాస్త్రమును దెలుగున బోధింప మాట లేవి?' యని కొంద రందురు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను దెలుగున వెలువరించినప్పుడు మాటలు సిద్ధముగా నుండెనా? 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, అనువాదశాల నొకదాని నమర్చుకొని, శాస్త్రముల నుర్దూలో బోధింపలేదా? ఆ భాష మన భాష గాకపోవచ్చును. దేశభాషలో నున్నతవిద్య సాధ్యమను సత్యము మాత్రము నాడే స్థిరపడినది. ఫైలును ఫైలనియే, మౌసును మౌసనియే యందము. వివరణము మాత్రము పల్లెనుండి వచ్చిన బాలికకు దెలియు భాషలో జేయుదము.

'కచేరీలలో వర్డే యడుగుదురు, ఉద్యోగము మాటయేమి?' యని మరికొంద రందురు. ఒకదానిలో సూత్ర మెరిగి పనిచేసినవాడు రెండవదానిని దినములలో నలవరచుకొనును. మెట్లు వల్లించినవాడు కూర్పు మారినప్పుడెల్ల నోనమాలు దిద్దవలయును. ఉద్యోగార్హత యెవనికో పాఠకులే నిర్ణయింతురు గాక.

అధ్యాపకుల నిందించుట మా యుద్దేశము గాదు. చాలని యంత్రములతో, ముందే వ్రాసియిచ్చిన ప్రణాళికతో వారేమి చేయగలరు? దోషము పాఠ్యనిర్ణయ సంఘములది. వారి నడుగునవి మేము గొన్నియే. పరీక్ష కాగితముపై గాక యంత్రము ముందట జరుగవలయును. ప్రతి విద్యార్థియు యూనికోడులో దెలుగు వ్రాయ నేర్వవలయును. తన గ్రామపు వర్షపాతమునో, పంచాయతీ జమాఖర్చులనో పట్టికగా గూర్చి, తప్పులను దానే పట్టుకొని సరిదిద్దవలయును. పది పంక్తుల ప్రోగ్రామైనను సొంతముగా వ్రాసి, యంత్ర మాజ్ఞను బాలించు విధమును గన్నులార జూడవలయును. రహస్యసంఖ్యల రక్షణయు, మోసముల నెరుగుటయు, చట్టమిచ్చు హక్కులును పాఠమున జేరవలయును. ఇదియంతయు స్వేచ్ఛా సాఫ్టువేరుతో జరుగవలయును.

1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చేతిపనిని జదువుతో జోడించినది. నేటి చేతిపని యీ యంత్రమే. పరుల యంత్రమును వాడుట దాస్యము గాదు. దాని లోపల జరుగునదేమని యడుగకుండుట దాస్యము. అడుగవలెనను తలంపే పుట్టని బోధన నిరువదియేండ్ల యువకులకు గరపుట యంతకన్న ఘోరమైన దాస్యము. రానున్న విద్యాసంవత్సరమునకు ముందే పాఠ్యనిర్ణయ సంఘములు మేలుకొనుగాక. అవి మేలుకొననిచో, విద్యార్థులే మేలుకొని తమ కళాశాలల నీ ప్రశ్న నడుగుదురు గాక!