రీలు లేని గాలానికి వకాల్తా

గాలపు కర్రకు రీలు లేకపోతే అది పిల్లలాట అనేవాళ్లు ఒక పక్క. రీలు లేకపోవడమే ఒక తపస్సు అని కళ్లు మూసుకునేవాళ్లు మరో పక్క. జపాన్ కొండవాగుల్లో పుట్టిన 'టెన్కరా' అనే చేపల వేట ఈ ఇద్దరి మధ్యా నలుగుతోంది. మొదటివాళ్లకు దాని పనితనం తెలియదు. రెండోవాళ్లకు దాని పనివాళ్లు పట్టరు. నా తగాదా ఇద్దరితోనూ ఉంది. రెండోవాళ్లతో కాస్త ఎక్కువ.

ముందు వస్తువేమిటో చూద్దాం. ఒక పొడవాటి కర్ర, దాని కొసకు కట్టిన దారం, దారం చివర ఈకలు చుట్టిన కొక్కెం. అంతే. పూర్వం కర్ర వెదురుది, దారం గుర్రపు వెంట్రుకలతో పేనింది. ఇప్పటి కర్ర కార్బన్ ఫైబరుది. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలుగా ముడుచుకుంటుంది. సాగదీస్తే పదకొండు, పన్నెండు అడుగులవుతుంది. బరువు చాలావాటికి 100 గ్రాములైనా ఉండదు. ఆ కొక్కేన్ని 'కెబరి' అంటారు, వెంట్రుకల కొక్కెం అని అర్థం. వానపాము లేదు, పిండి ముద్ద లేదు, బెండు లేదు. పురుగని భ్రమపడి చేప నోరు తెరవాలి. పట్టేది యమమె, అమగొ, ఇవన అనే చేపల్ని. చల్లటి కొండనీళ్లలో బతికే ఇవన్నీ ట్రౌటు, సాల్మన్ చేపల చుట్టాలు.

"రీలు లేకపోతే దూరం ఎలా విసురుతారు?" అని మొదటివాళ్ల ప్రశ్న. దూరం ఎందుకు విసరాలి అని నా ఎదురు ప్రశ్న. కొండవాగు వెడల్పెంత? బండల మధ్య ఒక చిన్న మడుగు, పక్కనే వడిగా పారే పాయ, ఆ పక్కన ఒక సుడి. ఒక్కో చోట నీటి వేగం ఒక్కో తీరు. బరువైన దారం విసిరితే అది నీటి మీద పరుచుకుంటుంది. వడి పాయ దాన్ని లాగేస్తుంది. దాని వెంట కొక్కెం ఈడ్చుకుపోతుంది. అలా నీటిని కోసుకుంటూ పరుగెత్తే పురుగును కొండవాగు చేప నమ్మదు. టెన్కరాలో కర్ర పొడవు, దారం తేలిక. కనుక దారాన్ని దాదాపు మొత్తం గాలిలోనే ఎత్తిపట్టి, కొక్కేన్ని మాత్రం నీటికి తాకించవచ్చు. రాయి వెనకాల జానెడు నిలకడ నీటిలో దాన్ని నిలిపి ఉంచవచ్చు. అంటే రీలు లేకపోవడం ఇక్కడ కొరత కాదు, ఆ వాగుకు సరిపడిన లెక్క.

కొక్కెం సంగతీ అంతే. 'సకస కెబరి' అనే రకంలో ఈకలు వెనక్కి కాక ముందుకు తిరిగి ఉంటాయి. కర్ర కొసను కొద్దిగా అదిలిస్తే అవి నీటిలో ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి, ప్రాణమున్నట్టే. పాశ్చాత్య పద్ధతిలో ఏ రోజు ఏ పురుగు నీటి మీద ఎగురుతోందో చూసి అచ్చం దానిలాంటిదే కట్టాలంటారు. అందుకని పెట్టెల నిండా రకాలు. టెన్కరాకు ఈ కాలంలో ప్రచారం తెచ్చిన హిసావో ఇషిగాకి ఒకే రకం కెబరితో చేపలు పట్టడానికి పేరుపొందారు. ఎర మార్చడం కన్నా చెయ్యి తిప్పడం నేర్చుకోమన్నది అక్కడి పాఠం.

పెద్ద నదిలో, చేప దారాన్ని లాక్కుని బారలకొద్దీ పరుగెత్తే చోట ఈ కర్ర చాలదు. నిజమే. కత్తిపీటతో చెట్టు కొట్టలేం. అది కత్తిపీట లోపమా?

ఇక రెండోవాళ్లు. 2009లో డేనియల్ గల్హార్డో అమెరికాలో ఈ కర్రల అమ్మకం కోసమే ఒక సంస్థ పెట్టారు. 2014లో పటగోనియా వ్యవస్థాపకుడు ఇవాన్ షూనార్డ్ మరి ఇద్దరితో కలిసి దీని మీద పుస్తకం తెచ్చారు. సామాను తగ్గించి నేర్పు పెంచుకోవాలన్న వాళ్ల మాట మంచి మాటే. దీన్ని పదిమందికీ తెలిపిన మేలును కాదనను. కానీ ఆ వెనకనే వేరే గాలి వీచింది. ఇది ధ్యానమట, జెన్ అట, జీవితాన్ని తేలిక చేసే మార్గమట. ప్రాణిహింస కూడదన్న బుద్ధుణ్ణి తెచ్చి గాలానికి కాపలా పెట్టారు! టెన్కరా అన్న పేరు పుట్టుక మీద జపాన్‌లోనే ఏకాభిప్రాయం లేదు. అయినా 'ఆకాశం నుంచి' అన్న అర్థమే ఊరేగుతోంది, వినడానికి ఇంపుగా ఉంటుంది కనుక. చివరికి సరళత్వానికే ఒక సంచీ, ఆ సంచీలో పెట్టుకునే పరికరాల జాబితా తయారయ్యాయి.

ఈ వేటను సానబట్టింది సన్యాసులు కాదు. కొండపల్లెల్లో చేపలు పట్టి సత్రాలకు అమ్ముకుని బతికిన మనుషులు. చేపలు పడితేనే డబ్బు కళ్లజూసే మనిషి కర్ర తేలిగ్గా ఎందుకు పెట్టుకుంటాడు? రోజంతా బండలెక్కి దిగాలి కనుక. ఒక్క కెబరితో ఎందుకు సరిపెట్టుకుంటాడు? ముడులు విప్పి కట్టే సేపట్లో మరో మడుగు చూసుకోవచ్చు కనుక. అది వైరాగ్యం కాదు, పొదుపు. ఆ వృత్తి దాదాపు అంతరించింది. వాళ్ల చేతి లెక్కను మన మనశ్శాంతికి మందుగా మార్చి, వాళ్ల పేరు మాత్రం తుడిచేయడం ఏం న్యాయం?

పోనీ ఇది జపాన్‌కు మాత్రమే దక్కిన రహస్యమా? కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట రోమన్ రచయిత ఈలియన్, మాసిడోనియావాళ్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి, ఆరడుగుల కర్రతో అంతే పొడవు దారంతో చేపలు పట్టేవారని రాశాడు. 1653లో ఐజాక్ వాల్టన్ చేపల వేట మీద పుస్తకం అచ్చువేసిన నాటికి ఇంగ్లండులో ట్రౌటుకు ఎక్కువగా వాడింది కర్ర కొసకు కట్టిన గుర్రపు వెంట్రుకల దారమే. తర్వాత రీలు వచ్చింది, రీలుతో హోదా వచ్చింది. మనకు దగ్గరి నీలగిరి వాగుల్లో ట్రౌటును తెచ్చి పెంచింది బ్రిటిష్ దొరలు. చేపతో పాటు ఆ హోదా కూడా దిగుమతైంది. రీలు పట్టినవాడు వినోదించే పెద్దమనిషి, వెదురు కర్ర పట్టినవాడు పనీపాటా లేనివాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు. మన వెదురు గాలం టెన్కరా కాదు. దానికి బెండుంది, ఎర ఉంది, దాని నీళ్లు వేరు. కానీ దానికీ ఒక లెక్క ఉంది. కొర్రమీనుకు ఏ ఎర, పరిగకు ఏ ఎర, ఏ పొద్దున ఏ గట్టు, బెండు ఎంత మునిగితే లాగాలి. ఇదంతా పుస్తకాల్లో లేదు, మనుషుల నోళ్లలో ఉంది. హోసూరు చెరువు గట్టునైనా, గంజాం పల్లెలోనైనా, యానాం రేవులోనైనా ఆ మాటలు తెలుగులో చెప్పగలిగినవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు. పిల్లలు బడిలో చేపల పేర్లు మరో భాషలో నేర్చుకుంటారు, తప్పులేదు. కానీ తాత నోట ఉన్న పేరు అడిగేవాడు లేకపోతే ఆ చేపతో పాటు దాని అలవాట్లు చెప్పే మాట కూడా పోతుంది.

టెన్కరాను మెచ్చుకునేవాళ్లను నేను ఆపను. మెచ్చుకోవలసిందే. అయితే కర్రను మెచ్చి చేతిని మరవకండి. పరాయి కొండవాగులోని నేర్పును చూసి చేతులెత్తి మొక్కేవాళ్లు, తమ ఊరి చెరువు గట్టున కూర్చున్న ముసలాయన పక్కన ఒక్క పూట కూర్చుని ఆయన మాటలు నాలుగు రాసిపెట్టగలరా? అది చేతకాకపోతే మీ సరళత్వం కొనుక్కున్న సరుకే, నేర్చుకున్న విద్య కాదు.