బల్లి మీద నెపం పెట్టి వూరుకుంటే ఎట్లా?

పెళ్లి భోజనం తిన్నవారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయన్న వార్త, హాస్టలు పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్త పల్లెలకు కొత్తవి కావు. ఎండలు ముదిరే నాటికి ఒకటి, జాతరల కాలంలో మరొకటి వినబడుతూనే వుంటాయి. ప్రతిసారీ జరిగేది ఒక్కటే. అంబులెన్సు వస్తుంది. సెలైన్లు ఎక్కుతాయి. నాయకులు వచ్చి పరామర్శించి పోతారు. కారణమేమిటని అడిగితే "సాంబారులో బల్లి పడిందటండీ" అంటారు. మూడో రోజుకు రోగులు ఇళ్లకు చేరుకుంటారు. మిగిలిన అన్నం, కూరలు అప్పటికే పెంటకుప్ప మీద పారవేసి, గుండిగలు తోమి బోర్లించి వుంటారు. దర్యాప్తు అంతటితో ముగిసినట్లే.

బల్లి పడడం అబద్ధమని ఎవరూ అనడం లేదు. పొయ్యి పైన దూలం, దూలానికి దీపం, దీపం చుట్టూ పురుగులు వున్నచోట బల్లి పడక మానదు. కాని ఇళ్లలో తిరిగే బల్లికి విషం లేదు. దాని పేగుల్లోను, రెట్టలోను సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి వుండవచ్చు. కుతకుత వుడికే సాంబారులో పడితే ఆ క్రిమి కూడా బల్లితోపాటే చస్తుంది. చల్లారిన పచ్చడిలోనో, పెరుగులోనో పడితే అది వేరే సంగతి. బల్లి కనబడిందన్న కబురు వినగానే రోతతోను, భయంతోను వాంతి చేసుకునేవారూ వుంటారు. మిగతా వారి విషయంలో మాత్రం అసలు దోషి బల్లి చాటున తప్పించుకు పోతున్నది.

ఆ దోషిని పట్టడానికి మొదట చూడవలసింది గడియారం. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలైతే ఇద్దరిని అనుమానించవచ్చు. ఒకటి స్టెఫైలోకాకస్ అనే క్రిమి. ఇది మనిషి ముక్కులో, చేతి మీది పుండులో, గోరుచుట్టులో కాపురం వుంటుంది. లడ్డూలు చుట్టే చేతి నుంచి, కోవా పిసికే చేతి నుంచి తిండిలోకి దిగి అక్కడ విషం తయారు చేస్తుంది. తరువాత ఎంత వేడి చేసినా క్రిమి చస్తుంది గాని, విషం పోదు. రెండోది బాసిల్లస్ సీరియస్. దీని బీజాలు బియ్యంలోనే వుంటాయి. అన్నం వుడికినా చావవు. పొద్దున వండి సాయంత్రం దాకా మూతపెట్టి వుంచిన అన్నంలో అవి మేలుకుంటాయి. రాత్రి బండి మీద వేపే ఫ్రైడ్ రైసుకు ఏ పూట అన్నం వాడుతున్నారని అడిగిన గిరాకీ ఒక్కడూ లేడు.

తిన్న ఆరు గంటలు దాటిన తరువాత, జ్వరం లేకుండా కడుపునొప్పి, విరేచనాలు వస్తే పెద్ద గుండిగల్లో వండి నిదానంగా చల్లారిన మాంసం కూర మీద, పప్పు మీద అనుమానం పెట్టుకోవాలి. అందులో పెరిగేది క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరో క్రిమి. జ్వరం కూడా తోడై, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తే గుడ్డు ద్వారానో, కోడిమాంసం ద్వారానో వచ్చిన సాల్మొనెల్లా కావచ్చు. ఆరోగ్య కార్యకర్త వచ్చి "ఏం తిన్నారమ్మా, ఎన్ని గంటలకు తిన్నారు?" అని అడిగేది ఇందుకే. "అన్నీ తిన్నామమ్మా" అని జవాబు చెబితే ఆమె మాత్రం ఏం రాసుకుంటుంది?

క్రిములు పెరిగే తీరు కూడా చూడవలసినదే. అనుకూలమైన వేడిలో కొన్ని క్రిములు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఒక్క క్రిమి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. తిండి 60 డిగ్రీలకు పైన పొగలు కక్కుతూ వుండాలి, లేదా 5 డిగ్రీలకు లోపు చల్లగా వుండాలి. మధ్యలో గోరువెచ్చగా వున్నదంతా క్రిములకు విందే. పులుపు మాత్రం వాటికి గిట్టదు. ప్రయాణాలకు పులిహోర, పెరుగన్నం మూట కట్టుకుపోవడం పెద్దలు వూరికే పెట్టిన అలవాటు కాదు. కొబ్బరి పచ్చడి కట్టుకుపొమ్మని ఏ ముసలమ్మా చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది. మండల కేంద్రాలలో బస్టాండు చుట్టూ పానీపూరీ బండ్లు, కోసిన పుచ్చకాయ ముక్కలు, కర్రీ పాయింట్లు, మోమోలు, షవర్మాలు వెలిశాయి. కూలి పనికి పోయిన ఆడవాళ్లు పొద్దుగూకి ఇంటికి చేరి పొయ్యి వెలిగించే ఓపిక లేక ఒక కూర పొట్లం తెచ్చుకుంటే తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కాని అట్లా కొన్నదానిని మళ్లీ వుడికించకుండానే తింటారు. క్రిమిని చంపే చివరి మంట ఇంట్లో లేకుండా పోయింది. పుచ్చకాయ మాటే తీసుకుంటే, కడగని తొక్క మీది మురికిని లోపలి ఎర్రటి కండకు చేరవేసేది కోసే కత్తే.

ప్రయోగశాలలో సాల్మొనెల్లా దొరికినంత మాత్రాన కూడా కేసు తేలదు. ఒకే ఇంటిపేరు వున్నవారంతా అన్నదమ్ములు కానట్లే, ఒకే పేరున్న క్రిములన్నీ ఒకే వంశానివి కావు. సాల్మొనెల్లాలోనే 2500కు పైగా రకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక్కొక్క రకంలో మళ్లీ ఎన్నో శాఖలు. క్రిమిలోని జన్యుపదార్థం నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పెద్ద గ్రంథం వంటిది. సాల్మొనెల్లా గ్రంథంలో దాదాపు 48 లక్షల అక్షరాలుంటాయి. క్రిమి రెండుగా చీలినప్పుడల్లా ఆ గ్రంథానికి నకలు తయారవుతుంది. వెనకటి కరణాల నకళ్లలో మాదిరిగా ఎప్పుడో ఒకచోట అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు తరువాతి నకళ్లకు వారసత్వంగా వస్తుంది. రోగి మలంలోని క్రిమిని, కూరలోని క్రిమిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు తేడా కొద్ది అక్షరాలే అయితే రెండూ ఒకే తల్లి పిల్లలు. వేల అక్షరాల తేడా వుంటే ఆ కూరకూ ఆ రోగానికీ సంబంధం లేనట్లే.

మరో ప్రయోజనం కూడా వున్నది. ఒక హోటలు నుంచి వారం వారం తీసిన నమూనాలలో ప్రతిసారీ వేర్వేరు వంశాల క్రిములు కనబడితే అవి నీళ్ల ద్వారానో, కూరగాయల ద్వారానో, పదిమంది చేతుల ద్వారానో బయట నుంచి వస్తున్నాయని అర్థం. ఒకే వంశం నెలల తరబడి కనబడితే అది వంటింట్లోనే స్థిరపడిందన్నమాట. కోత చెక్క గాట్లలో, గ్రైండరు సందుల్లో, ఫ్రిజ్ తలుపు రబ్బరులో దాగి వుంటుంది. మొదటి దానికి నీళ్లు మార్చాలి. రెండో దానికి చెక్క మార్చాలి. ఏది జరుగుతున్నదో తెలుసుకోకుండా జరిమానా రసీదు రాసి ఇచ్చి, ఫినాయిలు చల్లించి పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో దక్షిణాఫ్రికాలో రుజువైంది. 2017లో అక్కడి ఆసుపత్రులలో లిస్టీరియా అనే క్రిమి వల్ల జబ్బుపడ్డవారి సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. ఈ క్రిమి మహా మొండిది. ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తిన్న తరువాత జబ్బు బయటపడడానికి ఒక్కోసారి 70 రోజులు పడుతుంది. రెండు నెలల క్రితం ఏం తిన్నావంటే ఎవరు చెప్పగలరు? జబ్బుపడిన వారిలో నూటికి నలభై మంది పుట్టి నెల నిండని పసికందులు. తల్లి తిన్న తిండి నుంచి కడుపులోని బిడ్డకు సోకింది. అక్కడి జాతీయ అంటువ్యాధుల సంస్థ రోగుల నుంచి తీసిన క్రిముల జన్యువులు చదివింది. నూటికి 90కి పైగా ఒకే వంశానివని తేలింది. దానికి ఎస్టీ 6 అని గుర్తు పెట్టారు. దేశమంతటా వేర్వేరు వూళ్లలో జబ్బుపడిన వారికి ఒకే వంశం క్రిమి సోకిందంటే, అంతా ఒకేచోట నుంచి వచ్చిందన్నమాట. ఎక్కడి నుంచి అన్నది మాత్రం నెలల తరబడి అంతుపట్టలేదు. 109 మంది రోగులను ప్రశ్నించగా 93 మంది వండకుండానే తినే మాంసం పదార్థాలు తిన్నామని చెప్పారు.

2018 జనవరిలో సోవెటో ప్రాంతంలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి అయిదేళ్లు నిండని తొమ్మిది మంది పిల్లలు జ్వరం, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారు. అక్కడి డాక్టర్లు సెలైను పెట్టి పంపివేయలేదు. తిండి మీద అనుమానంతో వెంటనే కబురు చేశారు. మలం నమూనాలు తీశారు. ఆరోగ్య సిబ్బంది ఆ కేంద్రానికి పోయి ఫ్రిజ్‌లో వున్న పొలోనీని, అంటే ముక్కలు కోసుకుని నేరుగా తినే మాంసపు ముద్దను, పరీక్షకు తీసుకుపోయారు. ఆ దారి పట్టుకుపోతే పొలోక్వానే నగరంలోని ఒక పెద్ద కర్మాగారం తేలింది. అక్కడ తీసిన నమూనాలలోనూ అదే వంశం. మార్చి 4న ఆరోగ్యమంత్రి ఈ సంగతి ప్రకటించారు. దుకాణాల నుంచి సరుకు వెనక్కి తీయించారు. తరువాత కేసులు తగ్గిపోయాయి. అప్పటికే జరగవలసిన నష్టం జరిగింది. మొత్తం 1060 మందికి జబ్బు నిర్ధారణ కాగా, 216 మంది చనిపోయినట్లు లెక్క తేలింది. ప్రపంచంలో నమోదైన లిస్టీరియా వ్యాప్తులలో ఇదే పెద్దది. దోషి వీధి బండివాడు కాదు, యంత్రాలు, గాజు తలుపులు వున్న కర్మాగారం.

ఇక్కడ తిండి వికటిస్తే మొదట కన్నుపడేది బండి మీదనే. పంచాయతీ వారు నాలుగు రోజులు బండి తీయించివేస్తారు. బండివాడు నిజంగా దోషి అయితే సరే. అతడు కొన్న చట్నీ పొడిదో, మయొనైజు డబ్బాదో దోషమైతే? ఆ డబ్బా మరో పది వూళ్లకు పోతూనే వుంటుంది. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించి, పలువురు ఆసుపత్రి పాలైన తరువాత తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును ఏడాది పాటు నిషేధించింది. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ప్రమాదం వున్నది గనుక అది మంచి పనే. కాని ప్రాణం పోయిన తరువాత ఒక వస్తువును నిషేధించడం వేరు, ప్రతి సంఘటనలోనూ క్రిమిని పట్టుకుని వంశం చదివించడం వేరు. రెండోది జరగనంత కాలం మొదటిదే మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది.

బడులలో మధ్యాహ్న భోజనం ముందుగా ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన వున్నది. ఉప్పూ కారం చూడడానికి, వాసన పసిగట్టడానికి అది పనికివస్తుంది. క్రిమికి మాత్రం రుచీ లేదు, వాసనా లేదు. పైగా గంటల తరువాత గాని బయటపడదు. రుచి చూసిన మాస్టారికి, తిన్న పిల్లవాడికి ఒకేసారి వాంతులయితే ఏం లాభం? రుచి చూడడంతో పాటు ప్రతి వంటకం నుంచి ఒక గిన్నెడు తీసి, మూతపెట్టి, మరునాటి దాకా ఫ్రిజ్‌లో వుంచడం ఇంకా ముఖ్యం. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ దోషి క్రిమి కాదని, వంటలో చేరిన మోనోక్రోటోఫాస్ పురుగుమందు అని ప్రయోగశాలే తేల్చింది. ఆ మందు పేరు పత్తి రైతులకు కొత్త కాదు.

2006 నాటి ఆహార భద్రతా చట్టం చూస్తే కాగితం మీద లోటు లేదు. తిండి వికటించిన కేసులను డాక్టర్లు తప్పనిసరిగా తెలియజేయాలని ప్రాంతాల వారీగా ఆదేశించే అధికారం 35వ సెక్షన్‌లో వున్నది. కొన్న తిండిని రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు 40వ సెక్షన్ ప్రకారం వినియోగదారునికి కూడా వున్నది. కల్తీ తిండి వల్ల ప్రాణం పోతే 5 లక్షల రూపాయలకు తగ్గకుండా పరిహారం ఇప్పించాలని 65వ సెక్షన్ చెబుతున్నది. కాని ఫలానా తిండి వల్లనే పోయిందని రుజువు కావాలి. కూర పెంటకుప్ప పాలయిన తరువాత రుజువు ఎక్కడ నుంచి వస్తుంది? కూలివాని కుటుంబానికి చట్టంలో వున్న డబ్బు చట్టంలోనే వుండిపోతుంది.

జిల్లాలో జన్యువులు చదివే ప్రయోగశాల పెట్టాలని అడగడం దురాశ కావచ్చు. క్రిమిని పెంచి, నిలవ చేసి, హైదరాబాదు వంటి చోట్ల వున్న పెద్ద సంస్థలకు పంపే ఏర్పాటు అడగడం దురాశ కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శుద్ధిచేసిన సీసాలు, ఐసు పెట్టె, నమూనా ఎవరు తీయాలో, ఎవరు మోయాలో రాసిన కాగితం ఒకటి వుంటే పని మొదలవుతుంది. సీసాలు వుండి, మోసుకుపోయే మనిషి లేకపోయినా లాభం లేదు. జిల్లా వైద్యాధికారులు జాతరల కాలం రాకముందే ఈ సంగతి చూడవలసి వున్నది.

పెళ్లివారు, వంట మేస్త్రీలు చేయగలిగినది కూడా కొంత వున్నది. వడ్డన మొదలుకాగానే అన్నం, పప్పు, కూర, పచ్చడి, తీపి విడివిడిగా మరిగించిన గిన్నెల్లో తీసి చల్లని చోట దాచాలి. ఎవరికైనా వాంతులు పట్టుకుంటే ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ ఆసుపత్రికి చేర్చాలి. వైద్యం క్షణం కూడా ఆపరాదు. కాని మలం నమూనా తీయండని డాక్టరును అడగవలసింది మొదటి ఇంజెక్షను పడకముందే. యాంటీబయాటిక్ ఎక్కిన తరువాత తీసిన నమూనాలో క్రిమి బతికి దొరకడం కష్టం. వూళ్లో సూది వేయించుకుని, తగ్గక మరునాడు పెద్దాసుపత్రికి పోయేవారి విషయంలో జరుగుతున్నది అదే.