మందుల డబ్బా కాదు, మేత వేళ

బ్రాయిలర్ షెడ్డులో ఊక తడిసి, రెట్టలో అరగని మొక్కజొన్న నూక కనబడితే చాలు, చాలామంది చేయి మందుల డబ్బా మీదికే పోతుంది. రోగమేదీ లేదని పశువుల డాక్టరు తేల్చాక చూడాల్సింది మేతను, అది పెట్టే వేళను. కోడికి పళ్లు లేవు. నమిలే పనంతా కందనకాయదే. మేతను మరీ మెత్తగా పొడి చేసి పెడితే ఆ కండ సరిగా ఎదగదు, తిన్నది నలగకుండానే పేగుల్లోకి జారిపోతుంది. కాస్త బరక నూక పడితే కందనకాయ గట్టిపడి, మేత అక్కడే ఎక్కువసేపు ఆమ్లంలో నానుతుంది. రాత్రంతా లైట్లు వేసి తినిపిస్తే లాభమన్న నమ్మకమూ సరికాదు. రోజూ ఒకే వేళకు నాలుగైదు గంటలు లైట్లు ఆర్పితే, కోళ్లు చీకటికి ముందే మెడ కింది సంచి నింపుకుని నెమ్మదిగా అరిగించుకుంటాయి. మన మే ఎండల్లో మధ్యాహ్నం మేత ఆపడమూ మేలే: అరుగుదలలో వేడి పుడుతుంది, చెమట పట్టని కోడి దాన్ని రొప్పుతూ వదిలించుకోవాలి. నీళ్లు మాత్రం ఆపకూడదు. లైట్ల వేళ రైతు సరిదిద్దుకోగలడు. కాంట్రాక్టు పెంపకంలో మేత పంపేది కంపెనీ గనక, నూక బరకదనానికి అదే జవాబు చెప్పాలి.