మూత కింది చేప

పదిహేనేళ్ళ కిందట కర్నూలులో నా దగ్గర తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలో ఉన్నాడు. తెలుగు చదివినందుకు కాదు లెండి, ఆ తరువాత కంప్యూటర్లు నేర్చుకున్నందుకు. మొన్న సంక్రాంతికి నాకొక ఫొటో పంపించాడు. కనుచూపు మేర తెల్లగా గడ్డకట్టిన సరస్సు. మధ్యన జానెడు వెడల్పు బొక్క. దాని పక్కన తల నుంచి కాళ్ళ దాకా గుడ్డలు చుట్టుకుని మావాడు. వాడి చేతుల్లో బాతు ముక్కులాంటి మూతీ, నోటినిండా పళ్ళూ ఉన్న పొడుగాటి చేప. పైక్ అంటారట దాన్ని. "సార్, నీళ్ళమీద కూర్చుని పట్టాను. మన సీమలో ఇట్లాంటి వేట ఉందా?" అని కింద రాశాడు.

వెక్కిరింపుకే అడిగి ఉంటాడు. కడప జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మంచు మాట దేవుడెరుగు, మాకు నీళ్ళే చుట్టపు చూపుగా వస్తాయి. అయినా నాకు నవ్వు రాలేదు. మా అమ్మమ్మ ఊరి చెరువు గుర్తుకు వచ్చింది.

ముందు వాడి వేట సంగతి చెబుతాను. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడితే తేలికై పైకి వస్తుంది, పైనే గడ్డకడుతుంది. అందువల్ల సరస్సుకు పైన మూత పడుతుందే గాని అడుగున నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. నాలుగంగుళాల గట్టి మంచు ఉంటే మనిషి దాని మీద నడవవచ్చునట. పెద్ద బరమాతో బొక్క తొలిచి, గాలానికి చిన్న చేపను గుచ్చి వదులుతారు. పైన ఒక చిన్న జెండా. కింద పెద్ద చేప పట్టి లాగితే జెండా లేస్తుంది. ఆ చలికాలంలో కూడా పైక్ సాటి చేపలను తినడం మానదు. మావాడు గుడారంలో కాఫీ తాగుతూ జెండాకేసి చూస్తూ కూర్చుంటాడు. మూతమీద మంచు మరీ దట్టంగా పేరుకుంటే వెలుతురు దిగక, నీటిలో ప్రాణవాయువు తరిగిపోయి, చేపలు గుంపులుగా చచ్చిపోవడం కూడా కద్దు.

చేపలను తినే చేపలు మనకూ ఉన్నాయి. తుంగభద్రలో దొరికే వాలుగ మీటరు దాటి పెరుగుతుంది. "వాలుగంటి" అనే మాట పాఠంలో వచ్చినప్పుడల్లా నాకొక చిక్కు. అసలు వాలుగకు కళ్ళు చిన్నవి, నోరేమో ఆ కళ్ళను దాటి వెనక్కి పోయేంతటిది. వాలుగ లాంటి కన్ను అనుకోండర్రా, వాలుగ కన్ను అనుకోవద్దు అని పిల్లలకు చెప్పి బయటపడుతుంటాను.

మావాడి ప్రశ్నకు జవాబు మాత్రం వాలుగ కాదు, కొర్రమట్ట. ఇదీ కప్పలనూ చిన్న చేపలనూ మింగే జాతే. దీని తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చే గదులుంటాయి. నీటి పైకి వచ్చి గాలి గుక్క పట్టుకుపోవాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక నీళ్ళలోనే చచ్చిపోతుంది. చెరువు ఎండితే బురదలోకి దూరి, ఒళ్ళు తడిగా ఉన్నంతకాలం, ఒంట్లో దాచుకున్న కొవ్వుతో రోజులు నెట్టుకొస్తుంది. వాళ్ళకు మంచు మూతయితే మనకు బంకమట్టి మూత.

మా అమ్మమ్మ ఊరు పోరుమామిళ్ళ వైపు. పోరుమామిళ్ళ చెరువు పెద్దది, పేరున్నది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో అక్కడ వేయించిన శాసనంలో, వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేసినట్లుంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, తగులుకునే దోషాలు ఆరు అని లెక్క కూడా ఉంది. చెరువు అడుగు విశాలంగా, లోతుగా ఉండాలనేది ఆ పన్నెండిట్లో ఒకటి. చేప ఊసు మాత్రం లేదు. మా ఊరి చెరువు దాని ముందు కుంట. కాని దానికీ తూము దగ్గర కాస్త లోతు ఉండేది.

నాకప్పుడు పదేళ్ళు. రోహిణి కార్తెకు చెరువు పూర్తిగా ఎండిపోయింది. నెర్రెల్లో నా పాదం దిగబడేది. బెస్త తాత ఒకడు గడ్డపార భుజాన వేసుకుని చెరువులోకి పోతుంటే వెంటపడ్డాను.

"నీళ్ళే లేవు గదా తాతా, చేపలు యాడివి?"

"నీళ్ళు పైకి పోయె, చేప కిందికి పోయె. ఉండు, చూపిస్తా."

తూము దగ్గర వట్టి కాళ్ళతో మెల్లగా అడుగులు వేశాడు. కాలికి చల్లగా తగిలిన చోట ఆగి వంగాడు. చిటికెన వేలు పట్టేంత బొక్క, దాని అంచు చెమ్మగా ఉంది. గడ్డపార ఏటవాలుగా దించి పెళ్ళ లేపాడు. కింద నల్లటి బురదలో మోచేతి పొడవున ఏదో చుట్టుకుని ఉంది. పామనుకుని కేక వేశాను. తల అచ్చం అట్లాగే ఉంటుంది మరి. రెండు పట్టాడు. మూడోది అన్నిటికంటే లావుది. దాన్ని చూసి, పెళ్ళ మళ్ళీ కప్పి, ముంతలో మిగిలిన నీళ్ళు దానిమీద పోశాడు.

"దీన్నెందుకు వదిలినావు?"

"రేపు వానొస్తే చెరువుకు చేప యాడనుంచి వచ్చాదిరా?"

మర్నాడు నేనూ, మా మేనమామ కొడుకూ పార తీసుకుపోయి ఆ మూడోదాన్ని తవ్వాం. పార దెబ్బకు దాని వీపు చీలింది. తాత ఇచ్చాడని అమ్మమ్మతో అబద్ధమాడాం. పులుసు తిన్నాం. సాయంత్రం తాత మా దడి పక్కన నిలబడి, "పులుసు బాగుండెనా అబ్బోడా?" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

కొర్రమట్ట పిల్లలు తొలిరోజుల్లో ఎర్రగా ఉంటాయి. గుంపుగా కదులుతుంటే నీటిమీద కుంకుమ చల్లినట్లుంటుంది. కింద పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయి. మరుసటి ఏడు వానలకు చెరువు నిండినప్పుడు కట్టమీద కూర్చుని ఆ ఎరుపు కోసం వెదికాను. కనబడలేదు. చెరువంతా నేను గాలించానా ఏమిటి, ఏ మూలనో ఉండే ఉంటుంది అని చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాను.

కిందటి వేసవిలో ఆ ఊరు వెళ్ళాను. చెరువులో జేసీబీ పూడిక తీస్తోంది. 2015లో "నీరు-చెట్టు" పథకం వచ్చాక సీమలో ఎన్నో చెరువుల్లో ఈ పని జరిగింది. జరగవలసిందే. పూడిక తీయకపోతే నీరెక్కడ నిలుస్తుంది? ఆ మట్టి పొలాలకూ బలమే. కాని తూము దగ్గరి చోటు కాస్త వదిలెయ్యమని అడుగుదామని దిగి వెళ్ళాను. డ్రైవరు ఇరవై ఏళ్ళ కుర్రాడు.

"ఎందుకు సార్?" అన్నాడు.

"కింద చేపలుంటాయి."

కుర్రాడు నా మొహంకేసి చూసి, మర్యాదగానే నవ్వి, "నీళ్ళే లేవు గదా సార్" అన్నాడు.

ఇదంతా మావాడికి రాసి, చివర "పులుసు బాగుండెనా?" అని అడిగాను. రాత్రికి జవాబు వచ్చింది. "తినలేదు సార్. మా వైపు 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉన్న పైక్‌ను మళ్ళీ నీళ్ళలో వదలాలని రూలుంది. ఇది 24. ఫొటో తీసుకుని బొక్కలోనే వదిలేశాను."