పిల్లల లెక్క అడిగారు, తల్లి మాట అడగలేదు

అమెరికాలో డెమోక్రటిక్ పార్టీ ఎంపీగా ఎనిమిది సార్లు గెలిచిన డాన్ లిపిన్‌స్కీ, 2020 మార్చిలో సొంత పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే పోటీలోనే, ఓడిపోయారు. షికాగో శివార్లలోని ఆ సీటు ఆయన చేజారడానికి గర్భస్రావాన్ని వ్యతిరేకించడం ఒక ప్రధాన కారణం. అదే వైఖరి ఉన్న టెక్సాస్ నేత హెన్రీ క్యూలర్ 2022 మేలో తన ప్రైమరీలో 300 లోపు ఓట్లతో గట్టెక్కారు. ఆ మరుసటి నెల 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకు రాజ్యాంగ రక్షణ తీసేసింది. తమకు ఏ మతమూ లేదని చెప్పుకునే అమెరికన్లలో 80 శాతానికి పైగా గర్భస్రావం చట్టబద్ధంగా ఉండాలంటారని ప్యూ సర్వేలు చెబుతున్నాయి. డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీల్లో వీళ్ల మాట చెల్లుతుంది. అందుకే అక్కడ అభ్యర్థి నీళ్లు నమిలితే కుదరదు.

మరి గుంటూరు, ప్రకాశం మైదానంలో? ఇక్కడా మతం పేరు చెబితే ఓటు వేయని సంప్రదాయం ఒకటుంది. తెనాలి మున్సిపల్ చైర్మన్‌గా హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించారు. దానికి అవిశ్వాస తీర్మానంలో పదవి పోగొట్టుకున్నా, మళ్లీ ఎన్నికల్లో గెలిచి వచ్చారు. అదే తెనాలిలో ఆవుల గోపాలకృష్ణమూర్తి మానవవాదాన్ని నాటారు. ఊరూరా ఎర్రజెండా ఎగిరింది. అయినా ఈ నేల మీద ఓటు అడగడానికి వచ్చిన ఏ అభ్యర్థికీ గర్భస్రావం మీద తన మాటేమిటో చెప్పాల్సిన అవసరం రాలేదు.

దీనికి మొదటి కారణం మన గర్భస్రావ చట్టం వచ్చిన తీరు. శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద 1971లో పార్లమెంటు చట్టం చేసింది. వీధి పోరాటాలు లేవు, చర్చిల ప్రచారాలు లేవు. 2021లో కొన్ని వర్గాల మహిళలకు గడువును 20 వారాల నుంచి 24 వారాలకు పెంచారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు పెళ్లికాని మహిళలకూ వర్తిస్తుందని చెప్పింది. అమెరికా హక్కు పోగొట్టుకున్న ఏడాదే మన దగ్గర హక్కు పెరిగింది. కానీ ఇక్కడ చట్టంలో తుది మాట డాక్టర్‌ది. జనాభా అదుపు, తల్లి ఆరోగ్యం అనే లెక్కల్లో వచ్చిన అనుమతి కాబట్టి, స్త్రీ నిర్ణయం అన్న మాట ఎన్నికల సభ దాకా రాలేదు.

రెండో కారణం టికెట్. మన పార్టీల్లో ప్రైమరీలు లేవు. ఒకే పార్టీలో ఇద్దరు ఆశావహుల అభిప్రాయాలు పోల్చి చూసే అవకాశం ఓటరుకు లేదు. కులం, ఖర్చు పెట్టుకోగల తాహతు, అధినేత దయ చూసి బీఫారం చేతికొస్తుంది. అభిప్రాయాల వడపోత జరగాల్సిన చోట ఓటరే లేడు.

అలాగని కడుపు సంగతి ఎన్నికల్లోకి రాలేదా అంటే, వచ్చింది, దొడ్డిదారిన. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులంది. 1995 మే నెలాఖరు తర్వాత మూడో బిడ్డ పుడితే నామినేషన్ గల్లంతయ్యేది. పరిశీలన రోజు మండల ఆఫీసులో ప్రత్యర్థి మనుషులు జనన ధ్రువపత్రం నకలు పట్టుకుని నిలబడేవారు. మూడో బిడ్డను దత్తత ఇచ్చామనో, తమ బిడ్డే కాదనో వాదనలు. అభ్యర్థి మహిళ అయితే ఆమె పురిటి తేదీలే బల్ల మీద సాక్ష్యం. ఆ మూడో కాన్పు ఎవరి నిర్ణయమని మాత్రం ఆ బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనను సమర్థించింది కూడా.

చిన్న కుటుంబం హేతువాదులకూ వామపక్షాలకూ ప్రగతి గుర్తే. కాబట్టి ఈ నిబంధన మీద లౌకికవాద ఓటరు నుంచి పెద్దగా నిరసన రాలేదు. భారం మాత్రం ఆడవాళ్ల మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల వాటా ఒక్క శాతం కూడా లేదు. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలోనూ మన రాష్ట్రం దేశంలో ముందుంది. మిరపకోతకూ పత్తితీతకూ వెళ్లే కూలి మనిషికి నెలసరి నొప్పి వస్తే రోజు కూలి పోతుంది. 'తీసేస్తే గొడవ వదులుతుంది' అని చెప్పే ప్రైవేటు ఆస్పత్రికి ఆమె అప్పు చేసి వెళుతుంది.

ఇప్పుడు గాలి తిరిగింది. రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కు పడిపోయిందని 2019-21 సర్వేలోనే తేలింది. జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం తోడైంది. 1997లో జనాభా అదుపు విధానం తెచ్చిన చంద్రబాబు నాయుడే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబర్‌లో అసెంబ్లీ రద్దు చేసింది. రద్దు మంచిదే. అయితే నిన్న 'ఇద్దరు చాలు' అన్నదీ, నేడు 'ముగ్గురు కావాలి' అంటున్నదీ ఒకే గొంతు. కనాల్సిన మనిషి గొంతు రెండు సార్లూ వినపడలేదు.

ఇలాంటి విషయాలకు ఓట్లు రాలవని నాయకులు అనుకుంటే 1994 ఎన్నికలను గుర్తుచేయాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం ఆడవాళ్ల ఇంటి గొడవను ఎన్నికల హామీగా మార్చింది. ఎన్టీఆర్ గెలిచి వచ్చి మద్యనిషేధం మీదే తొలి సంతకం పెట్టారు. అడిగే గుంపు ఉంటే అభ్యర్థి దిగివస్తాడు.

ప్రైమరీ లేని చోట ఆ అడిగే పని పంచాయతీ ఎన్నికల్లోనే మొదలవ్వాలి. సర్పంచ్ అభ్యర్థి ముఖం ఊరికి తెలుసు, అడగడానికి అరుగు చాలు. మన పీహెచ్‌సీలో సురక్షిత గర్భస్రావానికి వెళ్లిన అమ్మాయిని 'మొగుడేడి?' అని వెనక్కి పంపుతుంటే నువ్వేం చేస్తావు? ఊళ్లో ముప్ఫై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లెందరో లెక్క రాయిస్తావా? కు.ని. ఆపరేషన్‌కు మగవాళ్లను ముందుకు రమ్మంటావా, నువ్వు చేయించుకున్నావా? ఈ నేల మీద హేతువాదం ఇంకా బతికే ఉందని చెప్పుకునేవాళ్లు ముందు ఈ మూడు ప్రశ్నలూ అడగాలి, జవాబు చూసి ఓటు వేయాలి.