తాళం నేర్పేది ఎవరు?



మన యౌవనస్థుల ఫోన్లలో మోగే పాటల మీద సంఘ పెద్దలకు కోపం ఉంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. స్త్రీని సరుకుగా చూపే మాటలు ఏ తాళంలో పాడినా తప్పే. కానీ తాళమే పాపం అనడం సరికాదని నా అభిప్రాయం.

ఆ పాటల్లో ఎన్నింటికో బాణీలు కట్టిన దేవిశ్రీ ప్రసాద్ గారి సొంత ఊరు మన వెదురుపాక. తండ్రి సత్యమూర్తి గారు సినిమా రచయిత. 1999లో 'దేవి' సినిమాకు సంగీతం చేసేనాటికి దేవిశ్రీకి ఇంకా ఇరవై నిండలేదు. 'పుష్ప' పాటలకు జాతీయ పురస్కారం వచ్చింది. మన పిల్లలకు ఇంతవరకే తెలుసు. అంతకుముందు ఆయన ఒక గురువు దగ్గర కూర్చుని మాండలిన్ నేర్చుకున్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ గురువు, 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు. విదేశీ వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి, 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయనకు నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఒక మాష్టారి ఓపిక ఎంత దూరం వెళ్లిందో చూడండి!

సముద్రాల అవతల ప్యూర్టో రికోలో రెగెటాన్ అనే డాన్సు సంగీతం ఉంది. 2004లో 'గాసొలీనా' పాటతో దాన్ని లోకమంతా వినిపించిన డాడీ యాంకీ, 2023 డిసెంబరులో తన వీడ్కోలు కచేరీ వేదిక మీదే, ఇకమీదట క్రీస్తు కోసం బ్రతుకుతానని చెప్పారు. తాళమే పాపమైతే ప్రభువు ఆ వేదిక దాకా ఎలా వచ్చాడు?

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీసి చదవండి. మందిర సేవకు దావీదు ఏర్పరచిన గాయకులు 288 మంది. అందరూ నేర్చుకున్నవారే. వంతులకు చీట్లు వేసినప్పుడు గురువని, శిష్యుడని తేడా చూడలేదు.

మరి మన సంగతి? ఆదివారం ఆరాధనలో ప్యాడ్స్ వాయించే కుర్రాణ్ణి 'దేవుని బిడ్డ' అంటాం. వాడే శనివారం రాత్రి పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తే 'లోకంలో కలిసిపోయాడు' అంటాం. ఆ డబ్బుతోనే వాడింట్లోకి బియ్యం వస్తాయని మనకు తెలుసు. వాడికి నేర్పే గురువును మాత్రం మనం చూపించలేదు. ఫోన్లో చూసి నేర్చుకున్నవాడికి ఫోన్లో ఉన్నదే వస్తుంది.

కొత్త స్పీకర్లకు చందాలు ఎత్తుతాం కదా! ఈ ఏడు అందులో కొంత తీసి, ఇద్దరు పిల్లల్ని ఏడాది పాటు సంగీతం మాష్టారి దగ్గరకు పంపుదాం. రేపు వాళ్లు సినిమాలకు వెళ్లిపోతారేమోనని కొందరి భయం. వెళ్లొచ్చు. అయినా, తలాంతును మట్టిలో పాతిపెట్టి భద్రంగా దాచానన్న దాసుణ్ణి యజమాని మెచ్చుకోలేదని మరువకండి.

దేవుడు మీ ఇంటి బిడ్డలను దీవించును గాక. ఆమేన్.